మెదడులో నీటి తిత్తి: స్కానింగ్ కవరు నుంచి కీహోల్ ఆపరేషన్ దాకా ఏం చేయాలి, ఎలా చేయాలి

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఒడిశా వైపున్న పర్లాకిమిడి బజార్లో మాకో మందుల షాపు ఉంది. నెలలో ఇద్దరు ముగ్గురైనా పెద్ద స్కానింగ్ కవరు చంకలో పెట్టుకుని వస్తారు. మందుల కోసం కాదు. కవర్లోంచి రిపోర్టు తీసి, అడుగున లావు అక్షరాల్లో ఉన్న లైను మీద వేలు పెట్టి, “బాబూ, సిస్ట్ అని రాశాడు. తల కోసేస్తారా?” అని అడుగుతారు. కాశీనగరం, గుణుపురం, బరంపురం నుంచి ఫోన్లలో కూడా ఇదే ప్రశ్న.

మా చెల్లెలి కొడుక్కి తొమ్మిదేళ్ళప్పుడు ఇలాంటి తిత్తికే విశాఖపట్నంలో, కెమెరా ఉన్న సన్నని గొట్టం, అంటే ఎండోస్కోప్‌తో ఆపరేషన్ అయింది. ఆ ఆరు నెలలూ వాడి వెంట తిరిగింది నేనే. అప్పుడు మాకు తెలియక పడ్డ తిప్పలు మీరు పడకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఆపరేషన్ కావాలో వద్దో చెప్పాల్సింది మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్, అంటే న్యూరోసర్జనే. ఆయన దగ్గరికి ఏం పట్టుకుని వెళ్ళాలి, ఏం అడగాలి, ఇంటికొచ్చాక ఏం కనిపెట్టుకుని ఉండాలి అన్నంత వరకే నేను చెప్పగలను.

ముందు ఇది చూడండి: ఆగకూడని సందర్భాలు

తలనొప్పితో పాటు ఆగకుండా వాంతులు, పిలిస్తే పలకనంత మత్తు, ఉన్నట్టుండి చూపు మసకబారడం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, మొదటిసారి ఫిట్స్ రావడం, పసిపిల్లలకైతే మాడు పొంగి గట్టిగా ఉండటం. వీటిలో ఏది కనిపించినా మిగతాది చదవడం ఆపి, సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆస్పత్రికి బయల్దేరండి. రిపోర్టులో “కొల్లాయిడ్ సిస్ట్” అని ఉండి తలనొప్పి పెరుగుతుంటే తెల్లవారే దాకా కూడా చూడొద్దు. అది మెదడు నీరు కదిలే సన్నని దారిలో కూర్చునే తిత్తి. దారి ఒక్కసారిగా మూసుకుపోతే ప్రాణం మీదకి వస్తుంది.

సరిహద్దు ఊళ్ళలో ఇంకో చిక్కుంది. మన ఫోను ఒక్కోసారి అవతలి రాష్ట్రం టవర్ పట్టుకుంటుంది, 108 కాల్ అక్కడికి పోతుంది. అందుకని ఫోన్ ఎత్తగానే మీ రాష్ట్రం, జిల్లా, ఊరు, ఈ మూడూ ముందు చెప్పండి. జబ్బు సంగతి తర్వాత.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎంఆర్ఐ సీడీ, ఫిల్ములు, రిపోర్టు. మూడూ కావాలి. పాత సీటీ స్కాన్ ఉంటే అది కూడా.
- వాడుతున్న మందుల ఖాళీ స్ట్రిప్పులు. “పొద్దున తెల్ల మాత్ర, రాత్రి పసుపు మాత్ర” అంటే ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు.
- ఒక నోటు పుస్తకం. దేనికో రెండో మెట్టులో చెబుతాను.
- ఫిట్స్ వస్తుంటే ఫోన్లో తీసిన వీడియో.
- రోగి ఆధార్, రేషన్ కార్డు, ఆయుష్మాన్ కార్డు, ఒక్కోదానికి నాలుగు జిరాక్సులు.
- తోడుగా ఇద్దరు. ఒకరు మంచం దగ్గర, ఒకరు కాగితాల వెంట తిరగడానికి.

1. తిత్తి పేరు, చోటు, కొలత ఒక కాగితం మీద రాసుకోండి

“సిస్ట్” అన్నది ఇంటిపేరు లాంటిది. అసలు పేరు దాని ముందు ఉంటుంది. ఏం చేయాలన్నది ఆ పేరును బట్టే మారిపోతుంది.

అరాక్నాయిడ్ సిస్ట్ అంటే మెదడు చుట్టూ ఉండే పల్చటి పొరలో, మెదడు నీరే నిండిన సంచి. చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది. ఎక్కువగా కణత వెనక భాగంలో కనిపిస్తుంది. ఇంకో కారణంతో స్కాన్ తీస్తే బయటపడుతుంది, చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టదు. కణత దగ్గరి వాటికి రిపోర్టులో గలాసీ టైప్ 1, 2, 3 అని రాస్తారు. 1 చిన్నది, 3 పెద్దది. అది సైజు లెక్క మాత్రమే. టైప్ 3 అని ఉన్నంత మాత్రాన ఆపరేషన్ ఖాయమైపోదు.

పీనియల్ సిస్ట్ (మెదడు నడుమ ఉండే పీనియల్ అనే చిన్న గ్రంథిలో తిత్తి) అని ఉండి 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలావరకు వదిలేస్తారు. మెగా సిస్టర్నా మాగ్నా అని ఉంటే అది జబ్బే కాదు, కొందరి తలలో సహజంగా ఉండే ఖాళీ. గర్భిణి స్కానింగ్‌లో బిడ్డకు కోరాయిడ్ ప్లెక్సస్ సిస్ట్ (మెదడు నీరు తయారయ్యే చోట తిత్తి) అని రాస్తే, మరే తేడా లేనప్పుడు నెలలు నిండేలోపు అదే కరిగిపోవడం మామూలు. కొల్లాయిడ్ సిస్ట్ సంగతి పైన చెప్పాను. అది 1 సెంటీమీటరు దాటినా, మెదడు లోపల నీరుండే గదులు ఉబ్బినా సర్జన్లు సాధారణంగా ఆపరేషన్ వైపే చూస్తారు. రాత్కేస్ క్లెఫ్ట్ సిస్ట్ మెదడు అడుగున హార్మోన్లు చేసే పిట్యూటరీ గ్రంథి దగ్గర వస్తుంది. దానికి ముక్కులోంచి వెళ్తారు.

ఎపిడెర్మాయిడ్ అనేది చర్మం పొలుసులు నిండిన తిత్తి. అది మామూలు ఎంఆర్ఐలో అచ్చం అరాక్నాయిడ్‌లాగే కనబడుతుంది. డిఫ్యూజన్ అనే రకం బొమ్మల్లో మాత్రం ఎపిడెర్మాయిడ్ తెల్లగా మెరుస్తుంది, అరాక్నాయిడ్ నల్లగా ఉండిపోతుంది. మీ స్కాన్‌లో ఆ బొమ్మలు తీశారో లేదో అడగండి. రెండింటికీ చేసే ఆపరేషన్ ఒకటి కాదు.

ఇక మనవైపు తరచూ వచ్చేది, గందరగోళం ఎక్కువ చేసేది న్యూరోసిస్టిసెర్కోసిస్. బద్దెపురుగు పిల్ల మెదడులో చేరి కట్టుకున్న తిత్తి ఇది. పంది మాంసం తినేవాళ్ళకే వస్తుందనుకుంటారు. నిజానికి బద్దెపురుగు గుడ్లు మురికి చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా, నీళ్ళ ద్వారా లోపలికి వెళ్తాయి. మాంసం ముట్టనివాళ్ళకీ వస్తుంది. దీనికి చాలావరకు మందులే వైద్యం. నీటి గదుల్లో ఇరుక్కుంటేనో, నీటి దారి మూసుకుంటేనో ఆపరేషన్ ఆలోచిస్తారు.

హెచ్చరిక: “పురుగు తిత్తి అంట, పురుగుల మాత్ర ఇవ్వండి” అని మా కౌంటర్ దగ్గరే చాలామంది అడిగారు. నేను ఇవ్వను. ఆల్బెండజోల్ వేసుకుంటే పురుగు చస్తుంది, చచ్చేటప్పుడు చుట్టూ మెదడు వాస్తుంది, ఫిట్స్ ముంచుకొస్తాయి. అందుకే డాక్టర్లు దాంతో పాటు స్టెరాయిడ్ ఇస్తారు, ముందు కళ్ళు పరీక్ష చేయిస్తారు. మాత్ర ఒకటే కావచ్చు, కడుపులో పురుగులకు మింగినట్టు మింగేది కాదు.

2. రెండు వారాలు నోటు పుస్తకం రాయండి

పైన చెప్పిన అత్యవసర లక్షణాలు లేనప్పుడు మాత్రమే ఇది. రోజూ నాలుగే నాలుగు: తలనొప్పి ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు ఉంది, పడుకుంటే పెరిగిందా లేస్తే పెరిగిందా, వాంతి అయిందా. ఫిట్స్ ఉంటే తేదీ, ఎన్ని నిమిషాలు. బడికెళ్ళే పిల్లలకైతే చదువు, చేతిరాత, నడక తేడా. ఏడాది లోపు పిల్లలకు వారానికోసారి కనుబొమల పైనుంచి తల చుట్టూ టేపుతో కొలిచి రాయండి.

ఇదంతా ఎందుకంటే, తిత్తి ఉండటం వేరు, బాధకు ఆ తిత్తే కారణం కావడం వేరు. తలనొప్పి లోకంలో సగం మందికి ఉంటుంది. మైగ్రేన్ తలనొప్పికి స్కాన్ తీస్తే సంబంధం లేని చిన్న తిత్తి కనబడటం, దాన్ని పట్టుకుని ఇల్లంతా టెన్షన్ పడటం నేను ఎన్నోసార్లు చూశాను. పేరు, చోటు, లక్షణం, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలిస్తేనే ఆపరేషన్ మాట వస్తుంది. తిత్తి కుడి కణతలో ఉండి, ఫిట్స్ ఎడమ చేతిలో మొదలవుతుంటే ఆ రెండింటికీ పొత్తు కుదరవచ్చు. పొద్దున్నే లేవగానే తలనొప్పి, వాంతి అయితే తేలికపడటం అంటే తలలో ఒత్తిడి పెరిగిందేమోనని అనుమానించాలి. ఇవి సర్జన్ కలిపి చూడాలంటే మీ పుస్తకం ఆయన చేతిలో ఉండాలి.

మేము రాయలేదు. మొదటిసారి డాక్టర్ “వాంతులు ఎప్పటి నుంచి?” అంటే మా చెల్లి దసరా నుంచి అంది, బావ సంక్రాంతి నుంచి అన్నాడు.

భాష జాగ్రత్త. బరంపురంలోనో కటక్‌లోనో చూపిస్తున్నప్పుడు మన మాట ఒడియాలోకి, ఒడియా మాట ఇంగ్లీషులోకి మారేలోపు రోగమే మారిపోతుంది. మా వీధిలో పెద్దావిడ “తల తిరుగుతోంది” అంటే తోడు వెళ్ళిన కుర్రాడు “ముండొ బింధా” అని చెప్పాడు. అది తలనొప్పి. తల తిరగడానికి “ముండొ బులాయిబా” అనాలి. ఆవిడ చీటీ మీద తలనొప్పి అనే పడింది, మందు కూడా దానికే వచ్చింది. తోడు వెళ్ళేవాళ్ళకు బయల్దేరే ముందే ఈ రెండు మాటలూ నేర్పండి.

3. న్యూరోసర్జన్‌కు సీడీ చూపించండి

ఫోన్లో తీసిన ఫిల్ము ఫోటో పంపి అభిప్రాయం అడగొద్దు. లైటు మెరుపు పడి, మూల తెగిపోయి, తిత్తి గోడ ఎక్కడుందో కూడా తెలియదు. సీడీలో అయితే డాక్టర్ కంప్యూటర్లో ఒక్కో ముక్కా జరుపుకుంటూ చూస్తారు, కొలుస్తారు. స్కాన్ అయిన రోజే సీడీ అడిగి తీసుకోండి. మాకు ఒక స్కానింగ్ సెంటర్ వాళ్ళు “ఫిల్ము ఇచ్చాం కదా” అని పంపేశారు. నాలుగు నెలల తర్వాత సీడీ కోసం వెళ్తే డేటా తీసేశామన్నారు. స్కాన్ మళ్ళీ తీయించాల్సి వచ్చింది. సీడీ ఇంటికి తెచ్చాక కంప్యూటర్లో పెట్టి తెరుచుకుంటోందో లేదో కూడా చూసుకోండి.

మనకు దారులు రెండు వైపులా ఉన్నాయి. పైకి వెళ్తే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కటక్ ఎస్.సి.బి. మెడికల్ కాలేజీ, భువనేశ్వర్ ఎయిమ్స్. కిందికి వస్తే విశాఖ కింగ్ జార్జ్ హాస్పిటల్, ఇంకా ప్రైవేటు ఆస్పత్రులు. రాయగడ వాళ్ళకు పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ సులువు. ఛత్రపురం, బరంపురం వాళ్ళకు భువనేశ్వర్ దగ్గర. ఎటు వెళ్ళినా ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళండి: “మీ దగ్గర మెదడుకి ఎండోస్కోపీ ఆపరేషన్లు చేస్తారా?” న్యూరోసర్జరీ విభాగం ఉన్న ప్రతిచోటా ఆ పరికరం, ఆ చేయి అలవాటున్న సర్జన్ ఉండాలని లేదు.

అత్యవసరం కాకపోతే రెండో సర్జన్ అభిప్రాయం తీసుకోండి. మొదటి డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. ఇద్దరూ “ఆర్నెల్లు ఆగి మళ్ళీ స్కాన్ తీద్దాం” అంటే అది కూడా వైద్యమే. మందు రాయలేదని మూడో డాక్టర్ని, నాలుగో డాక్టర్ని వెతుక్కుంటూ పోతే, చివరికి ఎవరో ఒకరు అక్కర్లేని ఆపరేషన్‌కు సరే అనేస్తారు.

4. ఏ పద్ధతి, ఎందుకు ఆ పద్ధతి? కూర్చుని అడగండి

ఎండోస్కోప్ పద్ధతిలో వెంట్రుకల గీత వెనక చిన్న కోత పెట్టి, పుర్రెకు చొక్కా బొత్తామంత రంధ్రం చేస్తారు. పెన్సిలంత లావు గొట్టం లోపలికి పోతుంది. దాని కొసన కెమెరా, దీపం ఉంటాయి. అరాక్నాయిడ్ తిత్తి అయితే సంచిని పీకేయరు. దాని గోడకు కిటికీ తెరిచి, లోపలి నీరు మెదడులో మామూలుగా నీరు తిరిగే దారుల్లో కలిసేలా చేస్తారు. “మొత్తం తీసేశారా?” అని ఆపరేషన్ థియేటర్ బయట అందరూ అడిగే ప్రశ్నకు అర్థం లేనిది అందుకే. కొల్లాయిడ్ తిత్తికి మాత్రం లోపలి జిగురు పీల్చేసి గోడ కూడా వీలైనంత తీస్తారు.

దీనికి బదులు మైక్రోస్కోప్ కీహోల్ పద్ధతి ఉంది. దాదాపు 3 సెంటీమీటర్ల ఎముక ముక్క తీసి, పని అయ్యాక తిరిగి బిగిస్తారు. కణత దగ్గరి తిత్తులకు చాలామంది సర్జన్లు ఇదే మేలంటారు, ఎందుకంటే అక్కడ రక్తనాళాల మధ్య రెండు చేతులతో పని చేసే వీలుంటుంది. ఎండోస్కోప్ అనలేదని ఆ డాక్టర్‌కు కొత్త పద్ధతి తెలియదనుకోవద్దు.

మూడోది షంట్. తిత్తి నుంచి పొట్టలోకి చర్మం కింద సన్నని గొట్టం వేస్తారు. సులువే, కానీ గొట్టం మూసుకుపోవచ్చు, చీము పట్టవచ్చు, ఏళ్ళ తర్వాత మార్చాల్సి రావచ్చు. కిటికీ పద్ధతి కుదరనప్పుడు ఇదే సరైన దారి అవుతుంది.

అడగాల్సినవి ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి:

- ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? ఎంతకాలం ఆగవచ్చు?
- మీరు ఇలాంటివి ఎన్ని చేశారు?
- చిన్న రంధ్రంలోంచి కాకపోతే అప్పటికప్పుడు పెద్దగా తెరవాల్సి వస్తుందా?
- ఈ చోటుకు ప్రత్యేకంగా ఉన్న ముప్పేంటి? కొల్లాయిడ్ తిత్తికి జ్ఞాపకశక్తి, పిట్యూటరీ దగ్గరైతే హార్మోన్లు, చూపు.
- ఆపరేషన్ తర్వాత ఏ లక్షణం తగ్గుతుంది, ఏది తగ్గకపోవచ్చు?

చివరి ప్రశ్నకు వచ్చిన జవాబు డాక్టర్ ఎదుటే రాసుకోండి. మూడు నెలల తర్వాత ఫలితం కొలిచేది దాంతోనే.

కోత చిన్నది కదా అని ఆపరేషన్ చిన్నదనుకోవద్దు. రక్తస్రావం, మెదడు నీరు కారడం, మెనింజైటిస్ (మెదడు పొరలకు వాపు), ఫిట్స్, తిత్తి మళ్ళీ నిండటం, ఇవన్నీ చిన్న రంధ్రంతో చేసినా ఉండే ముప్పులే. చిన్న కోత వల్ల మెదడు తక్కువ కదులుతుంది, నొప్పి తక్కువ, మంచం మీద రోజులు తక్కువ. దాని లాభం అంతవరకు.

5. కార్డు, కాగితాలు

2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్య ఖర్చు, ఆడవాళ్ళకు అదనంగా మరో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలో కూడా, పథకంలో చేరిన ఆస్పత్రుల్లో చెల్లుతుంది. అయితే ఆ ఆస్పత్రి పథకంలో ఉంటే చాలదు, న్యూరోసర్జరీ కూడా ఆ పథకం కింద చేస్తూ ఉండాలి. అక్కడి ఆరోగ్యమిత్ర డెస్క్‌లో రెండూ అడగండి. 14555 నంబరుకు కూడా ఫోన్ చేయవచ్చు. అత్యవసరం కాకపోతే మంజూరు వచ్చాకే అడ్మిట్ అవ్వండి. ముందు డబ్బు కట్టి, తర్వాత కార్డు చూపిస్తే పని జరగడం కష్టం.

శ్రీకాకుళంలో అత్తవారింటి కార్డు మీద, టెక్కలిలో బావమరిది కార్డు మీద చేయించుకుందామని కొందరు బయల్దేరుతారు. ఆంధ్ర పథకం ఆంధ్ర కార్డుదారులకే. ఆధార్ దగ్గర ఆగిపోతారు.

అసలు కష్టం పేర్ల దగ్గర వస్తుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా కాగితాల్లో అది చివరికి పోతుంది. ఆధార్‌లో అప్పలస్వామి, రేషన్ కార్డులో ఆపల్‌సామి, స్కాన్ రిపోర్టులో ఎ. స్వామి. మంజూరు దగ్గర ముగ్గురూ ఒకడేనని నిరూపించుకోవాలి. కాబట్టి స్కాన్ తీయించేటప్పుడే ఆధార్ ఇచ్చి, అందులో ఉన్నట్టు అక్షరం అక్షరం రాయించండి.

6. ఆపరేషన్‌కు ముందు వారం

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. సాధారణంగా ఐదారు రోజుల నుంచి వారం ముందు ఆపిస్తారు, కానీ గుండెకు స్టెంట్ ఉన్నవాళ్ళు గుండె డాక్టర్ని అడగకుండా ఆపకూడదు. తలనొప్పికి షాపులో కొనుక్కునే డిస్ప్రిన్‌లో ఉండేది కూడా ఆస్పిరినే. దాన్ని మందుగా లెక్కపెట్టక చెప్పనివాళ్ళు ఎక్కువ.

ఫిట్స్ మందు ఒక్క పూట కూడా మానొద్దు. ఆపరేషన్ రోజు పొద్దున కూడా, మత్తు డాక్టర్ సరేనంటే, ఒక గుక్క నీళ్ళతో వేసుకోవాలి. పది రోజులకు సరిపడా మందు ఊరి నుంచే తీసుకెళ్ళండి.

చుట్ట, అడ్డపొగ, ఖైనీ, గుడాఖు ఆపేయండి. ఆపరేషన్ తర్వాత దగ్గు తెరలు వస్తే తలలో ఒత్తిడి పెరుగుతుంది, కుట్టు దగ్గర నీరు కారే అవకాశం పెరుగుతుంది. జలుబు, జ్వరం, తలలో కురుపులు ఉంటే దాచకుండా చెప్పండి, తేదీ మార్చుకోవచ్చు. తల ముందే ఇంట్లో గొరిగించొద్దు. కత్తి గాట్లు పడితే చీము పట్టే ప్రమాదం. ఎంత తీయాలో అక్కడ వాళ్ళే తీస్తారు.

రాత్రి తిన్నాక గట్టి ఆహారానికి కనీసం 6 గంటల ఎడం. పిల్లాడు ఏడుస్తున్నాడని అమ్మమ్మ బిస్కెట్ పెడితే ఆ రోజు ఆపరేషన్ ఆగిపోతుంది.

7. ఆపరేషన్ రోజు

పూర్తి మత్తు ఇస్తారు. గంట నుంచి మూడు గంటలు పట్టవచ్చు. మత్తు ఇవ్వడం, తెలివి రావడం కలిపితే బయట కూర్చున్నవాళ్ళకు సగం రోజు గడుస్తుంది. ఆలస్యమైందని కంగారు పడొద్దు. సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పమనండి. అందులో “అవసరమైతే పెద్ద కోత” అన్న మాట ఉంటుంది, అది మామూలే.

8. ఆస్పత్రిలో తర్వాతి రోజులు

మొదటి రాత్రి ఐసీయూ. మర్నాడు చాలాచోట్ల సీటీ తీస్తారు. తలలో కొంచెం గాలి కనిపించిందంటే భయం లేదు, కొద్ది రోజుల్లో పీల్చుకుపోతుంది. ఇబ్బంది లేకపోతే మూడు నుంచి ఐదు రోజుల్లో పంపిస్తారు.

నేను ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాలుగో రోజు పొద్దున మా వాడి దిండు గలేబు ఒక పక్క తడిగా ఉంది. చెల్లి చెమట అనుకుని తిప్పి వేసింది. మధ్యాహ్నానికి మళ్ళీ తడి, అరచేయంత మేర, రంగు లేదు, వాసన లేదు. ఫ్యాను కింద పడుకున్న పిల్లాడికి ఒక పక్కే చెమట ఎలా పడుతుందని నాకు అనుమానం వచ్చి నర్సమ్మను పిలిచాను. ఆవిడ కట్టు ఎత్తి చూస్తే కుట్టు మూలలోంచి కన్నీటి చుక్కలా నీరు ఊరుతోంది. అది మెదడు నీరు. డాక్టర్ అప్పుడే వచ్చి ఒక కుట్టు అదనంగా వేసి, తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టమన్నారు. రెండు రోజులు ఎక్కువ ఉన్నాం, అంతే. అది గమనించకుండా ఇంటికొచ్చేసి ఉంటే ఆ దారినే క్రిములు లోపలికి పోయేవి.

అందుకే రోజుకు రెండుసార్లు దిండు తడిమి చూడండి. ముక్కులోంచి చేసిన ఆపరేషన్ అయితే ముందుకు వంగినప్పుడు ముక్కులోంచి నీళ్ళలా కారుతోందా, గొంతులో ఉప్పగా దిగుతోందా అని అడగండి. వాళ్ళు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.

డిశ్చార్జ్ అయ్యే ముందు సమ్మరీలో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: చేసిన ఆపరేషన్ పేరు, తిత్తి గోడ ముక్క పరీక్షకు పంపారా, మందులు ఎన్ని రోజులు, కుట్లు ఎప్పుడు, మళ్ళీ స్కాన్ ఎప్పుడు. షంట్ వేస్తే దాని రకం కూడా.

9. దారిలో, ఇంట్లో

గుణుపురం పాసింజరులో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకురావడం కన్నా, పడుకునే వీలున్న బండి మేలు. కింది బెర్తు ఉన్న రైలైనా, వెనక సీటు ఖాళీగా ఉన్న కారైనా పర్వాలేదు. ఘాట్ రోడ్డయితే పగలు, నెమ్మదిగా. విమానం ఎక్కాలంటే డాక్టర్ అనుమతి ఉండాలి.

కుట్లు సాధారణంగా వారం, పది రోజులకు తీస్తారు. అక్కడి దాకా మళ్ళీ వెళ్ళలేకపోతే దగ్గరి ఆస్పత్రిలో తీయించుకోవచ్చా అని ముందే అడిగి సమ్మరీలో రాయించుకోండి.

- గాయం మీద పసుపు, కొబ్బరి నూనె, పసరు, ఏదీ రాయొద్దు.
- స్టెరాయిడ్ మాత్రలు బాగుందని మధ్యలో ఆపొద్దు. చెప్పిన లెక్కలోనే తగ్గించాలి. షుగర్ ఉన్నవాళ్ళు ఆ రోజుల్లో తరచూ చూసుకోవాలి.
- ముక్కి విరేచనానికి వెళ్ళే పరిస్థితి రానివ్వొద్దు. నీళ్ళు, అరటిపండు, అవసరమైతే మందు.
- సింహాచలం అప్పన్నకు తలనీలాలు మొక్కుకుంటే తప్పక ఇవ్వండి, కానీ గాయం పూర్తిగా మానిందని సర్జన్ చెప్పాకే. లేత మచ్చ మీద కత్తి పడకూడదు.
- ఫిట్స్ ఉన్నవాళ్ళు డాక్టర్ సరేననే దాకా బండి నడపొద్దు, తాటిచెట్టు ఎక్కొద్దు, గోపాలపూర్ వైపు వేటకెళ్ళేవాళ్ళు పడవెక్కొద్దు. పిల్లల్ని మహేంద్రతనయలో ఒంటరిగా ఈతకు వదలొద్దు.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం మానేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108.

100.4 డిగ్రీలు దాటిన జ్వరం, మెడ వంచలేకపోవడం, కుట్టు దగ్గర ఎరుపు, చీము, నీరు, మళ్ళీ వాంతులు, మత్తు: వీటికి ఫోన్లో సలహాలు వద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి.

10. ఫలితం ఎలా చూసుకోవాలి

మొదట నోటు పుస్తకం మళ్ళీ తీయండి. అవే నాలుగు ప్రశ్నలు. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు పక్కపక్కన పెట్టండి. కోత నొప్పి వేరు, పాత తలనొప్పి వేరు. మొదటి పది రోజుల్ని లెక్కలోకి తీసుకోవద్దు. కంటి నరం వాపు ఉండి ఉంటే కళ్ళ డాక్టర్ దగ్గర మళ్ళీ పరీక్ష చేయించండి. పసిపిల్లలకు తల చుట్టుకొలత పెరిగే వేగం తగ్గిందా చూడండి. ఫిట్స్ తగ్గాయని మందు మీరే ఆపొద్దు, తిత్తి వల్ల వచ్చిన ఫిట్స్‌కు కూడా ఆపరేషన్ తర్వాత చాలాకాలం మందు నడుస్తుంది.

తర్వాత స్కాన్. సాధారణంగా మూడు నెలలకు తీస్తారు. కుదిరితే మొదట తీసిన చోటే, అదే రకం బొమ్మలు తీయించండి, పాత సీడీ వెంట తీసుకెళ్ళండి. ఎక్కువమంది గుండె జారేది ఇక్కడే. రిపోర్టులో మళ్ళీ “అరాక్నాయిడ్ సిస్ట్” అనే ఉంటుంది. మాకూ అంతే. చెల్లి ఆ కాగితం చూసి ఆస్పత్రి మెట్ల మీదే కూలబడిపోయింది. సర్జన్ పాత బొమ్మ, కొత్త బొమ్మ తెర మీద పక్కపక్కన పెట్టి చూపించారు. సంచి అక్కడే ఉంది, కానీ లోపలికి నొక్కుకుపోయిన మెదడు అంచు కాస్త బయటికి జరిగింది, పక్కకు తోసుకుపోయిన నడిమి గీత తన చోటికి వచ్చింది. ఏళ్ళ తరబడి నొక్కుకున్న మెదడు ఒక్క పూటలో విచ్చుకోదు, కొందరికి ఆ ఖాళీ ఎప్పటికీ పూర్తిగా నిండదు కూడా. ఆయన అడిగింది ఒకటే: “వాంతులు ఆగి ఎన్నాళ్ళయింది?” ఈసారి పుస్తకం మా దగ్గర ఉంది. డెబ్బై మూడు రోజులు.

కొలత తగ్గకపోయినా లక్షణాలు పోతే ఆపరేషన్ ఫలించినట్టే. కొలత తగ్గి కూడా లక్షణాలు అలాగే ఉంటే వాటికి వేరే కారణం వెతకాలి. కొలత పెరిగి, పాత బాధ తిరిగొస్తే కిటికీ మూసుకుపోయి ఉండవచ్చు, వెంటనే చూపించండి. ఇది ఏళ్ళ తర్వాత కూడా జరగవచ్చు కాబట్టి సీడీలు, సమ్మరీ, నోటు పుస్తకం ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ చోటు చూపించి పెట్టండి.